పింఛను ఆగితే, రేషన్ కార్డు పోతే: చిన్న ట్రస్టు చేయాల్సిన పని, దశల వారీగా

ప్రభుత్వం ఆపేసిన సాయాన్ని చిన్న ట్రస్టు తన చేతి డబ్బుతో భర్తీ చేయలేదు. లెక్క వేసి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000 ఇస్తున్నారు. ఒక మండలంలో వంద మంది వృద్ధుల పింఛన్లు ఆగాయనుకుంటే నెలకు 4 లక్షలు, ఏడాదికి 48 లక్షలు. నెలకు 500 చొప్పున వేసే వంద మంది దాతలున్న సంస్థకు ఏడాదంతా కలిపి వచ్చేది 6 లక్షలు.

కాబట్టి చేయాల్సినవి రెండు పనులు. ఆగినదాన్ని తిరిగి తెప్పించాలి. అది వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూడాలి. చాలా సంస్థలు రెండోది మాత్రమే చేస్తాయి, ఎందుకంటే సరుకుల సంచి పంచడం అందరికీ కనిపిస్తుంది, తహసీల్దారు ఆఫీసు వరండాలో కూర్చోవడం ఎవరికీ కనిపించదు. మొదటి పని వదిలేస్తే రెండో పనికి అంతు ఉండదు. ఏడాది తిరిగేసరికి దాతలు అలసిపోతారు, సంచి ఆగిపోతుంది, ఆ కుటుంబం రెండోసారి దెబ్బతింటుంది.

మొదటి వారం: జాబితా

ఊళ్లో విన్నదాన్ని బట్టి డబ్బు ఖర్చు పెట్టకండి. ఇంటికో కాగితం పెట్టి రాసుకోండి: పేరు, వయసు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, కార్డులో ఎంతమంది ఉన్నారు, పింఛను ఐడీ లేదా కార్డు నంబరు, చివరిసారి అందిన నెల, ఆపినవాళ్లు చెప్పిన కారణం, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చారా లేదా. చివరి ప్రశ్నే కీలకం. నోటీసు ఉంటే అప్పీలుకు దారి ఉంది. నోటీసు లేకపోతే, నోటీసు ఇవ్వలేదన్నదే మీ మొదటి వాదన.

ఆధార్ జిరాక్సులు పోగేసుకోవద్దు. ఆధార్ వెబ్‌సైటులో మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ కాపీ దొరుకుతుంది, మీ ఫైలుకు అది చాలు. అసలు కాపీ దరఖాస్తుతో పాటు ఆఫీసుకే వెళ్లాలి. ట్రస్టు వాట్సాప్ గ్రూపులో ఎవరి ఆధార్ ఫొటో అయినా కనిపిస్తే వెంటనే తీసేయించండి.

కారణం పట్టుకోవడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. "ఆపేశారు" అన్న ఒక్క మాట వెనక కనీసం ఐదారు వేర్వేరు జబ్బులుంటాయి. దేని మందు దానిదే.

వేలిముద్ర పడకపోవడం. కూలి పని చేసి చేతులు అరిగినవాళ్లకు, బాగా ముసలివాళ్లకు ఇది మామూలే. ఐరిస్ (కంటి గుర్తింపు)తోనో, ముఖం గుర్తింపుతోనో ప్రయత్నించమని సచివాలయం సిబ్బందిని, డీలరును, పోస్టాఫీసు వాళ్లను అడగండి. అదీ కుదరకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. 2025 అక్టోబరు నుంచి దానికి 125 రూపాయలు. మంచం మీదున్న మనిషిని ఆటోలో తిప్పడం కంటే సిబ్బందినే ఇంటికి రప్పించమని రాతపూర్వకంగా కోరడం మేలు.

ఈ-కేవైసీ (ఆధార్‌తో మనిషి గుర్తింపును సరిచూడటం) కాకపోవడం. కార్డులో ఉన్న ఒక్కొక్కరికీ విడిగా చేయించాలి. పిల్లల విషయంలో ఇది తెలియకుండానే జరిగిపోతుంది: ఐదేళ్లలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలుండవు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేను నిండాక మరోసారి బయోమెట్రిక్ ఇవ్వకపోతే ఆ పిల్లల పేరు మీద బియ్యం ఆగే ప్రమాదం ఉంది.

డబ్బు వేరే ఖాతాలో పడటం. ఆధార్ ఆధారంగా బ్యాంకుకు వచ్చే సాయాలన్నీ ఆధార్‌కు చివరగా జోడించిన ఖాతాకే వెళ్తాయి. ఎప్పుడో సిమ్ తీసుకున్నప్పుడు తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా అందులో ఉండొచ్చు. ఆధార్‌కు జోడించిన ఫోన్ నుంచి *99*99*1# కొడితే ఏ బ్యాంకో తెలుస్తుంది. పింఛను "రావడం లేదు" అని ఆరు నెలలుగా తిరుగుతున్న మనిషి డబ్బంతా తనకు గుర్తే లేని ఖాతాలో భద్రంగా ఉన్న సందర్భాలు అరుదేమీ కాదు.

ఊళ్లో లేకపోవడం. ఆంధ్రలో ఒకటి రెండు నెలలు పింఛను తీసుకోలేకపోతే మూడో నెలలో బకాయితో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. వలసలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో పని చేసే సంస్థ ముందే ఒక క్యాలెండరు పెట్టుకుని, రెండో నెల దాటుతున్న వాళ్లకు ఫోన్ చేయాలి. ఒక ఫోన్ కాల్‌తో పోయేదాన్ని అప్పీలు దాకా తెచ్చుకోవడం దండగ.

అర్హత పరిశీలనలో ఎగిరిపోవడం. అన్నిటిలో ఇదే చిక్కుముడి. ఆంధ్రలో ఆరంచెల పరిశీలన అంటారు: మాగాణి 3 ఎకరాలు లేదా మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాలు మించకూడదు. నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు దాటకూడదు. నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు, ట్యాక్సీ, ట్రాక్టరు మినహా. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. పట్టణాల్లో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లు ఉండకూడదు. ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 లోపుండాలి. ఈ నిబంధనల మంచిచెడ్డలు వేరే చర్చ. మనం చూడాల్సింది కంప్యూటరులో ఉన్నది నిజమేనా అన్నది. అద్దె ఇంటి యజమాని మీటరుకు, అద్దెకున్న పింఛనుదారు ఆధార్ జోడించి ఉండొచ్చు. అమ్మేసిన కారు రవాణా శాఖ రికార్డులో ఇంకా పాత యజమాని పేరు మీదే ఉండొచ్చు. పదేళ్ల కిందట వేరుపడ్డ కొడుకు ఉద్యోగం తల్లి కార్డు మీద పడి ఉండొచ్చు. తాత పేరున ఉన్న భూమి భాగాలు పంచుకున్నా రికార్డులో మ్యుటేషన్ (పేరు మార్పు) కాకపోయి ఉండొచ్చు.

మీటరు అయితే కరెంటోళ్ల దగ్గర ఆధార్ తీయించాలి, ఆంధ్రలో సచివాలయం ఎనర్జీ అసిస్టెంటుతో మొదలుపెట్టండి. కారు అయితే అమ్మకం కాగితాలతో రవాణా శాఖలో పేరు మార్పించాలి. కొడుకు అయితే కార్డు విభజన. భూమి అయితే తహసీల్దారు. మూల రికార్డు సరిచేయకుండా పింఛను ఆఫీసులో ఎంత మొరపెట్టుకున్నా, పై నెల పరిశీలనలో మళ్లీ అదే కారణంతో ఎగిరిపోతుంది. కొత్త వాలంటీర్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

వైకల్య శాతం తగ్గించడం. 2025లో ఆంధ్రలో దివ్యాంగుల పింఛన్లను తిరిగి పరిశీలించి, ఆగస్టులో 40 శాతం కంటే తక్కువ తేలిన చాలామందికి నోటీసులిచ్చారు. ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు చేసుకుంటే మళ్లీ వైద్య పరీక్షకు పంపే ఏర్పాటు చేశారు. ఇలాంటి కేసులో ట్రస్టు డబ్బు ఖర్చయ్యేది ఆస్పత్రికి వాహనం, తోడు మనిషి, పాత సదరం (వైకల్య ధ్రువీకరణ) పత్రం, ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాల జిరాక్సుల మీద. పరీక్షకు ముందు రోజే ఫైలు తేదీల వరుసలో సర్దండి. డాక్టరు చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే. మనిషి వయసు 60 దాటి ఉంటే వృద్ధాప్య పింఛనుకు మార్చమని కూడా పక్కనే ఒక అర్జీ పెట్టండి.

ముందు ఎవరికి

జాబితాలో అరవై ఇళ్లుంటాయి, డబ్బు ఇరవైకి సరిపోతుంది. ఎవరు ముందో ఒకరి జాలిని బట్టి తేల్చకూడదు. మార్కులు పెట్టండి: ఇంట్లో సంపాదించే మనిషే లేకపోతే 3, మంచం పట్టిన వాళ్లో డయాలసిస్, క్షయ మందులు వాడేవాళ్లో ఉంటే 3, ఐదేళ్లలోపు పిల్లలో గర్భిణో ఉంటే 2, పింఛను, బియ్యం రెండూ ఆగితే 2, అద్దె ఇల్లయితే 1. ఇద్దరు వేర్వేరుగా మార్కులు వేసి తర్వాత పోల్చుకోవాలి. రెండు మార్కుల కంటే తేడా వస్తే మూడో మనిషి ఆ ఇంటికి వెళ్లి రావాలి. వార్డు నాయకుడు ఇచ్చిన జాబితాను తీసుకోవచ్చు, కానీ అందులోని ప్రతి పేరూ ఇదే జల్లెడలో పడాలి. పద్ధతిని ఊరందరికీ చెప్పండి, ఎవరికెన్ని మార్కులో చెప్పకండి.

గడ్డుకాలం దాటించే సరుకులు

ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు సరిపడా సంచి ఇలా ఉండొచ్చు. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి, ఇది నమూనా:

- బియ్యం 10 కిలోలు: 500
- కందిపప్పు 2 కిలోలు: 240
- నూనె 1 లీటరు: 150
- చింతపండు పావుకిలో: 45
- కారం పావుకిలో: 70
- ఉప్పు 1 కిలో: 25
- పసుపు 100 గ్రాములు: 30
- చక్కెర 1 కిలో: 45
- ఒంటి సబ్బులు, బట్టల సబ్బు: 95

మొత్తం 1,200. బియ్యం 10 కిలోలే ఎందుకంటే జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు. తెలంగాణ తన వంతు ఒక కిలో కలిపి 6 ఇస్తోంది. అంత్యోదయ కార్డుకు ఇంటికి 35 కిలోలు. ఆగిన కొలతనే మీరూ ఇస్తే, కార్డు తిరిగొచ్చిన నెలలో సంచి ఆపడం తేలికవుతుంది. పళ్లు లేని ముసలివాళ్లకు రెండు కిలోల బియ్యం తగ్గించి రాగిపిండి పెట్టండి. షుగరు ఉన్న ఇంటికి చక్కెర బదులు ఇంకో అరకిలో పప్పు.

క్షయ రోగి ఉన్న ఇంటికి వేరే సంచి కావాలి. జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. రోగి ఇంట్లోని మిగతావాళ్లకు కూడా తిండి సాయం చేసినప్పుడు వాళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. కాబట్టి రోగికి మాత్రమే ఇచ్చి ఊరుకోకండి. క్షయ రోగులకు తిండి సాయం చేసే దాతల పథకంలో ని-క్షయ్ మిత్రగా నమోదైతే పెద్దవాళ్లకు నెలకు 3 కిలోల ధాన్యం, కిలోన్నర పప్పు, పావుకిలో నూనె, కిలో పాలపొడి లేదా వేరుశనగలు అన్న కొలత ఉంది. దాన్ని కనీసంగా తీసుకుని ఇంటి మనుషుల లెక్కన పెంచండి. రోగికి ప్రభుత్వం నుంచి నెలకు వెయ్యి రూపాయలు రావాలి. 2024 నవంబరు నుంచి 500ను వెయ్యి చేశారు. అది పడుతోందో లేదో కూడా చూడండి.

కొనేటప్పుడు ఒక హెచ్చరిక. కిలో 20, 25కి బియ్యం ఇస్తామని ఎవరైనా వస్తే అవి దాదాపు ఖాయంగా రేషన్ బియ్యమే. నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు ట్రస్టు మీద పడుతుంది. బిల్లు ఇచ్చే హోల్‌సేల్ కిరాణాలోనే కొనండి, డబ్బు బ్యాంకు ద్వారా కట్టండి. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. వానాకాలంలో నెల సరుకు మించి నిల్వ చేయకండి, పురుగు పట్టిన బియ్యం పంచితే ఆ మాట పదేళ్లు పోదు.

నగదు ఇవ్వాలా, సరుకా? తిండికి సరుకే మేలు, ఇంట్లో తాగుబోతు ఉన్నప్పుడు మరీ. మందులకు మాత్రం సంచి పనికిరాదు. జన్ ఔషధి దుకాణంలోనో, ఊరి మెడికల్ షాపులోనో ట్రస్టు పేరున ఖాతా పెట్టి, చీటీ మీద మందులు ఇప్పించి నెలాఖరుకు బిల్లు కట్టండి. బ్యాంకు ద్వారానే పంపాల్సి వస్తే ముందు ఖాతా సంగతి చూడండి. కనీస నిల్వ జరిమానాలో, పాత అప్పో ఉన్న ఖాతాలో వేసిన డబ్బు బ్యాంకే మింగేస్తుంది. జన్‌ధన్ ఖాతాకు ఆ జరిమానా బాధ లేదు.

సాయం ఇన్ని నెలలని మొదటి రోజే చెప్పండి. మూడు నెలలు సబబు. మూడో నెలలో కేసు ఎంతవరకు వచ్చిందో చూసి, అవసరమైతే ఇంకో మూడు నెలలు రాతపూర్వకంగా పొడిగించండి. చెప్పకుండా పొడిగిస్తూ పోవడం కంటే చెప్పకుండా ఆపడం ఘోరం. చిన్న సంస్థలు మొదటిది చేసి చివరికి రెండోదానిలో పడతాయి.

అర్జీ, రసీదు, అప్పీలు

నోటిమాటగా చేసిన మనవి ఏదీ లెక్కలోకి రాదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆంధ్రలో సోమవారాల్లో కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక, 1100 నంబరు ఉన్నాయి. తెలంగాణలో సోమవారం ప్రజావాణి. రెండు చోట్లా ఇచ్చే అర్జీ నంబరును మీ జాబితాలో ఆ ఇంటి పేరు పక్కన రాసుకోండి. "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు, కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయినా అదే మెసేజ్ వస్తుంది. డబ్బో, బియ్యమో చేతికొచ్చాకే కేసు మూయండి.

రేషన్ విషయంలో చట్టబద్ధమైన మరో మెట్టు ఉంది. ఆహార భద్రత చట్టం జిల్లాకో ఫిర్యాదుల పరిష్కార అధికారిని పెట్టమంది, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్. అర్హులకు ధాన్యం అందకపోతే ఆహార భద్రత భత్యం చెల్లించాలని అదే చట్టం చెబుతోంది. అర్జీలో ఈ మాట రాస్తే ఆఫీసులో ఆ కాగితానికి విలువ మారుతుంది.

కారణం చెప్పకుండా ఆపితే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మన రెండు రాష్ట్రాల నిబంధనల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. అడగాల్సినవి మూడే: ఏ తేదీన ఆపారు, ఏ రికార్డు ఆధారంగా ఆపారు, ఇంటికి వచ్చి విచారించిన నివేదిక ప్రతి ఇవ్వండి. చివరి ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఉండదు, మీ బలం అక్కడే ఉంది. తెలంగాణలో 2014, 2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ తేల్చినదాన్ని నమ్మి తీసేశారన్న ఫిర్యాదుతో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. "ఇంటికి వచ్చి చూడండి" అని మీరు అడుగుతున్నది గొంతెమ్మ కోరికేమీ కాదన్నమాట.

లాయరు కావాలంటే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

నెలకు 50,000తో ఎలా నడపాలి

ఇరవై సంచులకు 24,000, మందులకు 8,000, కేసుల వెంట తిరిగే మనిషికి 10,000, ఆటోలు, జిరాక్సులు, ఆధార్ రుసుములకు 4,000, నిల్వకు 4,000. ఆ పదివేల జీతం చూసి "మా డబ్బు పేదలకు పోవాలి గానీ జీతాలకా" అనే దాతలు తప్పకుండా ఉంటారు. వాళ్లకు లెక్కే చెప్పండి: ఆ మనిషి నెలకు ఐదు వృద్ధాప్య పింఛన్లు తిరిగి తెప్పిస్తే, ఆ ఇళ్లకు నెలనెలా వచ్చేది 20,000. అదీ ఒక్క నెల కాదు.

మూడు నెలల ఖర్చు ఎప్పుడూ బ్యాంకులో ఉండాలి. పన్ను మినహాయింపు పొందే ట్రస్టు ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు చూపాలి, మిగతా 15 శాతం దాచుకోవచ్చు. నిల్వ అక్కడి నుంచే పెరగాలి. దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ గుర్తింపు ఉన్నవాళ్లు దాతల పాన్ నంబర్లు అప్పటికప్పుడే తీసుకోండి, మే 31లోపు విరాళాల వివరాలతో 10బీడీ ఫారం వేయకపోతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు 80జీ ఎలాగూ వర్తించదు. ఈ మాట ముందే చెబితే మార్చిలో తగువులుండవు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు, రసీదు పుస్తకాలు అచ్చు వేయించే ముందు ఆడిటర్‌ను అడగండి.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన ఊరివాళ్లు పంపుతామంటారు. వాళ్ల పాస్‌పోర్టు ఏదో అడగండి. భారతీయ పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారైతే, భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ ఒక్క డాలరు తీసుకున్నా నేరం. ఆ నమోదుకు మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న పెద్ద సంస్థ ద్వారా మళ్లించుకోవడం కూడా 2020 సవరణతో మూసుకుపోయింది. అలాంటి దాతలను డబ్బుకు బదులు పని అడగండి: కేసుల జాబితా స్ప్రెడ్‌షీటు, అర్జీల ముసాయిదాలు.

ఏ ఒక్క దాత వాటా మూడోవంతు దాటనీయకండి. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, ట్రాన్స్‌జెండర్ల కోసం ట్రాన్స్‌జెండర్లే ఎక్కువగా నడిపిన ఆస్పత్రి, అమెరికా ప్రభుత్వ సాయం మీద నడిచేది. 2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని నిలిపివేయగానే ఆ ఏడాది మొదట్లోనే మూతపడింది. ప్రజలకు సాయం ఆగినప్పుడు నిలబడాల్సిన సంస్థ తానే ఒక్క సంతకంతో కూలిపోకూడదు.

పంచేటప్పుడు

వేదిక, బ్యానరు, సంచి పట్టుకున్న ముసలమ్మతో ఫొటో వద్దు. ఏ పార్టీ నాయకుడి చేతా పంచించకండి. అలా ఒక్కసారి జరిగితే మీ అర్జీలన్నీ ఎదుటి పార్టీ అర్జీలైపోతాయి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఇంటికే పంపండి, ముందుగా తహసీల్దారుకు ఒక కాగితం ఇవ్వండి. దాతలకు ఫొటోల బదులు నెలకో పట్టిక పంపండి: ఎన్ని కేసులు తీసుకున్నాం, ఎన్ని తిరిగి వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని సంచులిచ్చాం, చేతిలో ఎంత ఉంది.

తిరిగి రానివాళ్లు

ఆరు నెలలు తిరిగినా కొన్ని కేసులు గెలవవు. రికార్డు సరైనదే, నిబంధన ప్రకారం అనర్హులే, కానీ ఇల్లు మాత్రం గడవడం లేదు. కొడుకు ప్రభుత్వ ఉద్యోగి, తల్లికి పైసా ఇవ్వడు. ఇలాంటి చోట తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007 ఉంది. ఆర్డీవో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేస్తే పిల్లల నుంచి నెలవారీ మనోవర్తి ఇప్పిస్తారు. పని చేయగల మనిషి ఉన్న ఇంటికి ఉపాధి పని కార్డు, డ్వాక్రా సంఘం ద్వారా చిన్న రుణం చూడండి. రెండూ కుదరనివాళ్లు జాబితాలో పదోవంతు దాకా మిగలొచ్చు. వాళ్లను విడిగా రాసుకుని, ఒక్కో ఇంటికి ఏడాదికి 14,400 చొప్పున ఒక్కో దాతను పేరు పెట్టి అడగండి. మిగతా సంచుల లెక్కలో వాళ్లను కలపకండి, కలిపితే కొత్తగా సాయం ఆగిన ఇంటికి మీ దగ్గర ఎప్పుడూ చోటు ఉండదు.